ఎనిమిది వేళ్ళ స్తుతి

జూన్ 3

తమ్ముడికి,

నేనెవరో మా చర్చి సంఘంలో ఎవర్ని అడిగినా చెప్తారు, ఎనిమిది వేళ్ళమ్మ అని. వయసు డెబ్భై ఆరు. ఆస్పత్రి లాండ్రీలో ముప్ఫై ఎనిమిదేళ్ళు దుప్పట్లు ఉతికి ఇస్త్రీ చేసినదాన్ని. రెండో అంతస్తులో రెండు గదుల ఇంట్లో ముగ్గురం ఉంటున్నాం. నేను, బస్సు నడిపే నా కొడుకు, ఆస్పత్రి మందుల గదిలో పనిచేసే నా కోడలు. నాకు చదువు రాదు. నేను చెప్తుంటే కోడలు రాస్తోంది. చెప్పింది చెప్పినట్టు రాస్తానని మాటిచ్చింది.

ఇవన్నీ నీకు తెలిసినవే. అయినా ఎందుకు రాయించానంటే, ఇది క్షేమ సమాచారాల ఉత్తరం కాదు, ఫిర్యాదు. రేపు నలుగురిలో చదవాల్సి వస్తే ఈ మనిషెవరో తెలియాలి.

ఆరాధన చివర ఎవరి స్తుతి వాళ్ళు లేచి నిలబడి నోటితో చెప్పుకునే అలవాటు నువ్విక్కడ పాస్టరుగా ఉన్నప్పుడు పెట్టిందే. అప్పటినుంచీ జూలై రెండో ఆదివారం నాది. ఆ వారంలోనే కదా నా కుడిచేతి చిటికెన వేలూ ఉంగరం వేలూ ఇస్త్రీ మిషన్లో పోయాయి. ప్రతి ఏడూ ఆ రోజు లేచి చెయ్యెత్తి చెప్తాను. "పోయినవి రెండు, మిగిలినవి ఎనిమిది. ఎనిమిదింటికీ స్తోత్రం. మిషన్ ఆపిన చేతికి వందనాలు." అందరూ ఆమెన్ అంటారు. తర్వాత ఆ ఎనిమిది వేళ్ళతో ఏడాదంతా ఏమేం చేశానో వరసగా చెప్తాను. కొంచెం పొడుగే, కాదనను. పోయినేడు ఇరవై నిమిషాలు పట్టిందని ఎవరో గడియారం చూశారట. దేవుడు చూడలేదు.

ఇప్పుడేమైందంటే, మా పాత లాండ్రీ సూపర్‌వైజరు, అదే, రిటైరయ్యాక సంఘ పెద్ద అయ్యాడే, ఎప్పుడూ ముందు బెంచీలో కూర్చుంటాడు, ఆ మనిషి పోయిన ఆదివారం లేచి ఒక ప్రతిపాదన చదివాడు. ఇకమీదట స్తుతులన్నీ చీటీ మీద రాసి పెట్టెలో వెయ్యాలట. మూడు లైన్లు మించకూడదట. పాస్టరు గారు చదివి వినిపిస్తారట. పెట్టె కూడా చేయించేశాడు, మూతకి చిన్న తాళంతో సహా.

నేను ఊరుకోలేదు. "రాయడం రానివాళ్ళ సంగతేంటయ్యా?" అన్నాను.

"మీకేమమ్మా, మీ కోడలు రాసిపెడుతుంది కదా."

"నా బదులు నా కోడలు సంతోషపడుతుందా మరి?"

జనం నవ్వారు. అతను నవ్వలేదు. నా మొహం కేసి కూడా చూడకుండా చేతిలో కాగితం మడుచుకుంటూ కూర్చున్నాడు. ఆ మనిషి నా కళ్ళల్లోకి చూసి ఎన్నేళ్ళయిందో! ఉతికేదానితో మాట్లాడితే పెద్దరికం తగ్గుతుందేమో.

యేసు జబ్బు నయం చేసిన పదిమందిలో ఒక్కడే స్తుతి చెప్పడానికి వెనక్కొచ్చాడని నువ్వే ఎన్నోసార్లు ప్రసంగం చెప్పావు. ఆ ఒక్కడూ చీటీ రాసి పంపాడా? దారంతా అరుచుకుంటూ వచ్చాడు. వాడి గొంతుకి దేవుడు తాళం వెయ్యలేదు.

జూలై పన్నెండు ఆరాధనకి ముందు పెద్దలు కూర్చుని దీన్ని ఖాయం చేస్తారు. అలవాటు పెట్టినవాడివి నువ్వు. నీ చేత్తో నువ్వు ఒక ఉత్తరం రాసి పంపు. "మా అక్క నిలబడే చెప్తుంది" అని రాయి చాలు. మిగతాది నేను చూసుకుంటాను.

ఇది నా చేత చెప్పించి రాసింది, చదివి వినిపించగా విని ఒప్పుకున్నది.

నీ అక్క, కుడి బొటనవేలి ముద్ర
సాక్షులు: రాసిన కోడలు, కింది ఇంటి దర్జీ


జూన్ 14

అక్కయ్యకు వందనాలు.

నీ ఉత్తరం అందింది. ఇక్కడ మేమిద్దరం దేవుడి కృపలో బాగానే ఉన్నాం. మీ మరదలికి మోకాలి నొప్పి తగ్గింది, మళ్ళీ మెట్లెక్కి డాబా మీద బట్టలు ఆరేస్తోంది. ఆరేసిన ప్రతిసారీ "మీ అక్క చూస్తే ఈ మడతకి తిడుతుంది" అంటుంది.

ఇక నువ్వడిగిన సంగతి. అక్కా, కోపం తెచ్చుకోకుండా విను. ఆ ఉత్తరం నేను రాయలేను. అక్కడ ఇప్పుడు వేరే పాస్టరు ఉన్నారు. నేను జోక్యం చేసుకోవడం పద్ధతి కాదు.

నాదొక మనవి. ఈ ఒక్క ఏడాదికి చీటీ వెయ్యి. అలా ఇష్టం లేకపోతే నిలబడే చెప్పు, కానీ వేళ్ళ మాట, మిషన్ మాట వదిలెయ్యి. స్తుతికి నీకేం తక్కువ? మేనల్లుడికి ఉద్యోగం పర్మనెంట్ అయింది కదా, అది చెప్పు. కొన్ని స్తుతులు చెప్పేవాళ్ళకి తేలిగ్గా ఉంటాయి, వినేవాళ్ళకి బరువవుతాయి. ముందు బెంచీలో కూర్చున్నవాళ్ళ మనసు కూడా కొంచెం ఆలోచించు. ఇంతకంటే వివరంగా రాయలేను.

కోడలమ్మాయికి, మేనల్లుడికి నా దీవెనలు.

నీ తమ్ముడు


జూన్ 22

పాస్టరు గారికి,

తమ్ముడూ అని పిలవడానికి ఇవాళ నోరు రావట్లేదు. కోడలు "అత్తయ్యా, ఇంత కోపంగానే రాయనా?" అంటోంది. రాయమ్మా. ఇంకా లావుపాటి అక్షరాలుంటే అవి పెట్టి రాయి.

ముందు బెంచీవాళ్ళ మనసా? వెనక బెంచీవాళ్ళకి మనసుండదా? పెద్దమనుషులకి ఇబ్బందిగా ఉంది, పనిమనిషి నోరు మూసుకోవాలి, అంతేగా నువ్వు రాసింది. పద్ధతి కాదట! మనింట్లో ఇద్దరిలో ఒక్కరికే బడి అన్న రోజున "వాణ్ణి పంపండి" అన్నది నేను. దానికి నేనెప్పుడూ ఏడవలేదు. నువ్వు మొదటిసారి ప్రసంగపీఠం ఎక్కినప్పుడు ఆ చొక్కా ఇస్త్రీ చేసింది కూడా నేనే, కాలరు మీద ఒక్క ముడత లేకుండా. నా వంతు అక్షరాలు కూడా నీ దగ్గరే ఉన్నాయిరా. వాటితోనే నన్ను నోరు మూసుకోమని రాస్తావా?

వేళ్ళ మాట వదిలెయ్యాలట. అది వదిలేస్తే నాకింకేం ఉంది చెప్పుకోడానికి? నీకు గుర్తుందో లేదో, ఆస్పత్రి మంచం మీద నేను నలభై రోజులు దేవుడితో మాట్లాడలేదు. నువ్వు రోజూ వచ్చి ప్రార్థన చేసేవాడివి, నేను గోడవైపు తిరిగి పడుకునేదాన్ని. ఒక పొద్దున నర్సు రావడం ఆలస్యమైంది. జాకెట్టు హుక్కులు నేనే పెట్టుకుందామని కూర్చున్నాను. మొదటిది పడటానికే చాలాసేపు పట్టింది. పడగానే ఊరికే "స్తోత్రం" అన్నాను, విసుగ్గానే అన్నాను. రెండోదానికీ అన్నాను. ఆరు హుక్కులు. ఆరోది పడేసరికి నాకు నవ్వొచ్చింది. పక్క మంచం ఆవిడ నాకు పిచ్చెక్కిందనుకుంది. సంతోషం వచ్చింది కాబట్టి స్తోత్రం చెప్పలేదు నేను. చెప్తూ చెప్తూ ఉంటే ఆరో హుక్కు దగ్గర సంతోషమే వచ్చి నా పక్కన కూర్చుంది. అప్పటినుంచి లేవలేదు. అలాంటిదాన్ని మూడు లైన్ల చీటీలో ఎలా పెట్టను?

ఇప్పుడొకటి చెప్తాను. ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. ఆ రోజు దుప్పటి అంచు రెండు రోలర్ల మధ్య ఇరుక్కుంది. మిషన్ ఆగే ఉంది. చెయ్యి లోపలికి పెట్టి లాగుతున్నాను. అవతలి వైపు నుంచి చూసుకోకుండా స్విచ్ వేసింది ఆ సూపర్‌వైజరే. నేను అరిచిన వెంటనే ఆపింది కూడా అతనే. గదిలో మేమిద్దరమే ఉన్నాం. విచారణకి వచ్చిన ఆఫీసర్లు స్విచ్ ఎవరేశారని అడిగితే, చూడలేదన్నాను. చూశాను. అతని ఉద్యోగం కొత్త, ఇంట్లో ఇద్దరు పసిపిల్లలు. అబద్ధమే చెప్పాను, దాని సంగతి దేవుడితో వేరే మాట్లాడుకున్నాను. అందుకే సంఘంలో కూడా ఎప్పుడూ పేరెత్తలేదు. ఆపిన చెయ్యి అని మాత్రమే అంటాను.

కోడలు పెన్ను ఆపేసి నా మొహం చూస్తోంది. తర్వాత చూద్దువుగాని, రాయి.

అంతగా కాపాడితే, ఇవాళ ఆ మనిషే నా నోటికి తాళం పట్టుకొచ్చాడు! కృతజ్ఞత అంటే ఏంటో తెలియని మనిషి స్తుతులకి నియమాలు పెడతాడా? సరే. జూలై పన్నెండున నేను నిలబడతాను, చెయ్యెత్తుతాను, ఈసారి పేరు పెట్టి చెప్తాను, స్విచ్ ఎవరేశారో. అప్పుడు తెలుస్తుంది ముందు బెంచీ మనసు ఎలా ఉంటుందో.

నీ దగ్గర్నుంచి ఇంకేం అడగను.

బొటనవేలి ముద్ర
(అత్తయ్య ముద్ర గట్టిగా నొక్కడంతో కాగితం కొంచెం చిరిగింది. క్షమించండి. కోడలు)


జూలై 1

అక్కా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మూడోసారి మీ మరదలికి వినిపిస్తూ చదివాను. హుక్కుల దగ్గర తను కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

నాకు పెద్దమనుషుల భయం లేదు. నువ్వలా అనుకునేలా రాశాను, తప్పు నాదే. తిప్పి తిప్పి రాయడం ఎందుకొచ్చిందంటే నేనొక మనిషికి మాటిచ్చి ఉన్నాను. నువ్వు ఎవరికీ చెప్పలేదని రాసిన ఆ సంగతి నాకు ముప్ఫై ఒక్క ఏళ్ళుగా తెలుసు. నువ్వు ఆస్పత్రిలో చేరిన రెండో రాత్రి మెట్ల మీద కూర్చుని ఒకరు నాతో చెప్పారు. ఎవరన్నది నేను చెప్పను. గదిలో ఉన్నది ఇద్దరే అని నువ్వే రాశావు. ఎవరితోనూ, నీతో కూడా, అననని ఆ రోజు మాటిచ్చాను. పాస్టరు ఇచ్చిన మాట అది. నువ్వు గోడవైపు తిరిగి పడుకున్న నలభై రోజులూ నీ పక్కన కూర్చుని ఆ మాట మోశాను.

పన్నెండున పేరు చెప్పే ముందు ఒక్క పని చెయ్యి. ఆ ఇంటికి వెళ్ళు. చీటీల సంగతి ఎత్తకు, పెట్టె సంగతి ఎత్తకు. నువ్వు చెయ్యెత్తినప్పుడు ముందు బెంచీలో ఏం వినపడుతుందో అడుగు. అది విన్నాక కూడా నీకు చెప్పాలనిపిస్తే చెప్పు, నేనడ్డురాను.

నీ అక్షరాలు నా దగ్గరున్నాయన్నావు. ఉన్నాయి అక్కా. ఇవి అవే.

తమ్ముడు


జూలై 15

తమ్ముడూ,

నిన్ను తిట్టిన తిట్లలో సగం వెనక్కి తీసుకుంటున్నాను. మిగతా సగం అలాగే ఉండనీ, ఏదో ఒక రోజు పనికొస్తాయి.

జరిగింది జరిగినట్టు చెప్తాను. గురువారం సాయంత్రం కోడల్ని తీసుకుని ఆ ఇంటికి వెళ్ళాను. నాలుగు మాటలు అనేసి వచ్చేద్దామని నోట్లోనే పేర్చుకుని వెళ్ళాను. తలుపు తీసే ఉంది. లోపల ఆ మనిషి ఒక్కడే, గడ్డం కింద దుప్పటి మధ్య అంచు నొక్కిపట్టి, రెండు చేతులూ చాపి మడతపెట్టుకుంటున్నాడు. పాతికేళ్ళు లాండ్రీ నడిపించినవాడికి దుప్పటి మడత రాదంటే నాకు ఒళ్ళు మండింది. పేర్చుకున్న మాటలన్నీ పోయాయి.

"ఏమయ్యా సూపర్‌వైజరూ, అది మడతా, గొంగళిపురుగా?"

అదిరిపడ్డాడు. "మీరెందుకొచ్చారమ్మా? కబురు చేస్తే నేనే వచ్చేవాణ్ణి కదా."

"నువ్వా? ముప్ఫై ఏళ్ళలో ఒక్కసారొచ్చావా? ఆ కొసలు పట్టుకో ముందు."

నేను ఈ కొసలు పట్టుకున్నాను. లాండ్రీలో ఎలా మడిచేవాళ్ళమో అలాగే, చెరో వైపు నిలబడి లాగి, విదిలించి, ఒకరి వైపు ఒకరు నడిచి, కొసలు కలిపి, మళ్ళీ వెనక్కి. ఆ పని చేస్తూ కళ్ళు తప్పించుకోవడం కుదరదు. రెండో మడతకి అడిగాను.

"జూలైలో నేను చెయ్యెత్తినప్పుడు నీకేం వినపడుతుందయ్యా?"

దుప్పటి వదల్లేదు. కొసలు కలుపుతూ అన్నాడు. "ఆపిన చేతికి వందనాలు అంటారు మీరు. అందరూ ఆమెన్ అంటారు. నాకు మాత్రం, వేసిన చెయ్యి ఎవరిదో నాకు తెలుసు అని వినపడుతుంది. ప్రతి ఏడూ. మే నెల వచ్చిందంటే నిద్రపట్టదమ్మా. ఊరు వదిలి వెళ్ళిపోదామనుకున్నాను కొన్నాళ్ళు. చివరికి ఆ పెట్టె చేయించాను."

"ఓరి పిచ్చోడా! నీ ఉద్యోగం పోకూడదని కదయ్యా పేరు దాచింది!"

"అది విచారణలో. ఆ ఉద్యోగం అయిపోయి ఆరేళ్ళయింది. ఇంకా ఎందుకు దాస్తున్నారు?"

తమ్ముడూ, నాకు జవాబు రాలేదు. నాకు! కోడలు గుమ్మం దగ్గర నిలబడి చూస్తోంది, అత్తయ్య నోట మాట రాకపోవడం ఏంటని. ఇంటికొచ్చి పడుకున్నాక తెలిసింది. దాచడంలో నాకొక రుచి ఉంది. ఇంతమందిలో నాకు మాత్రమే తెలుసు, నేనెంత గొప్పగా క్షమించానో చూడు అన్న రుచి. ముప్ఫై ఒక్క ఏళ్ళు దేవుడికి వందనాలు చెప్పాను, నర్సులకి చెప్పాను, కుట్లు వేసిన డాక్టరుకి చెప్పాను. మిషన్ ఆపినవాడికి ఒక్కసారి కూడా మొహం చూసి చెప్పలేదు. కృతజ్ఞత తెలియని మనిషని ఎవర్ని తిట్టానో గుర్తుందిగా? ఆ తిట్టు మాత్రం పూర్తిగా వెనక్కి తీసుకుంటున్నాను.

ఆ ఇంట్లోనే ఇంకొకటి అడిగాను. చివరి మడత అయ్యాక, దుప్పటి ఇద్దరి చేతుల మధ్య ఉండగా.

"ఆదివారం నీ పేరు చెప్పనా?"

"చెప్పండి. కానీ రెండూ చెప్పండి. ఆపింది ఒక్కటే చెప్తే నేనక్కడ కూర్చోలేను."

పెద్దల కూటం ఆదివారం ఆరాధనకి ముందే అయింది. అతనే లేచి ప్రతిపాదన వెనక్కి తీసుకున్నాడట. కారణమేంటని అడిగితే, "ఇంకాసేపట్లో తెలుస్తుంది" అన్నాడట.

నా వంతు వచ్చింది. లేచాను. చెయ్యెత్తలేదు. పేరు పెట్టి పిలిచి, "లేవయ్యా, నీ చెయ్యెత్తు" అన్నాను. మందిరంలో అందరూ తలలు తిప్పారు. అతను లేచాడు. కుడి చెయ్యి ఎత్తాడు.

"ఈ చెయ్యే ఆ రోజు మిషన్ స్విచ్ వేసింది, చూసుకోకుండా" అన్నాను. "మూడు లెక్కపెట్టేలోపు ఆపింది కూడా ఈ చెయ్యే. ఐదు లెక్కపెట్టి ఉంటే నాకు మణికట్టు దాకా చెయ్యి పోయేది. మనిషన్నవాడు కంగారులో పారిపోవచ్చు. ఇతను పారిపోలేదు. నాకు మిగిలిన ఎనిమిది వేళ్ళూ ఇతని చలవే. దేవుడికి స్తోత్రం. నీకు వందనాలయ్యా." అంతే. కూర్చున్నాను. నా జన్మలో అంత చిన్న స్తుతి చెప్పలేదు. కొంచెం చిన్నగా రాస్తే మూడు లైన్లలోనే పట్టేదని కోడలు తర్వాత లెక్కపెట్టి ఏడిపించింది.

అసలు సంగతి ఆ తర్వాత. అతను కూర్చోలేదు. "ముప్ఫై ఒక్క ఏళ్ళుగా నేనీ మందిరంలో ఒక్క స్తుతి చెప్పలేదు" అని మొదలుపెట్టాడు. విచారణలో నేను చెప్పిన మాట, పోకుండా నిలబడ్డ ఉద్యోగం, దాంతో చదువుకున్న ఇద్దరు పిల్లలు, వాళ్ళ పిల్లలు, పెద్ద మనవరాలి మొదటి పన్ను, ఆస్పత్రిలో తను కొనిపించిన కొత్త మిషన్లకి చేతులు అడ్డొస్తే వాటంతటవే ఆగే ఏర్పాటు, అది పెట్టించాక ఆ లాండ్రీలో ఎవరి వేలూ పోకపోవడం. చెప్తూనే ఉన్నాడు. మొదట్లో నేల చూస్తూ చెప్పాడు, తర్వాత తలెత్తాడు, చివరికి నవ్వుతున్నాడు. తొంభై ఏళ్ళవాడి మొహంతో తిరిగేవాడు నా కళ్ళకి ఆ రోజు మిషన్ గదిలోకి కొత్తగా వచ్చిన కుర్రాడిలా కనపడ్డాడు. నా ఆరో హుక్కు అతనికి ఆదివారం పడింది.

నలభై నిమిషాలు! నా కొడుకు గడియారం చూశాడు, వాడికి బస్సు డ్యూటీ ఉంది. పాస్టరు గారు రెండుసార్లు దగ్గారు. చీటీలు మూడు లైన్లు మించకూడదన్న మనిషి! వెనక బెంచీ నుంచి నేనే అరవాల్సొచ్చింది, "ఇంక చాలయ్యా, మిగతాది వచ్చే ఏడు చెప్పు" అని. మందిరమంతా నవ్వింది. అతను నావైపు తిరిగి చూసి నవ్వాడు, సూటిగా కళ్ళల్లోకి.

తమ్ముడూ, నువ్వు మోసిన మాట ఇక దించుకోవచ్చు. ఎవరికీ చెప్పనన్నావు, చెప్పలేదు. నా తమ్ముడు పాస్టరని ఇన్నాళ్ళూ గొప్పగా చెప్పుకునేదాన్ని. ఎలాంటి పాస్టరో ఇప్పుడు తెలిసింది. బడికి నిన్ను పంపమన్నందుకు ఇవాళ ఇంకా గర్వంగా ఉంది.

ఇది నేను చెప్తుండగా మా ఇంట్లోనే, నా మంచం పక్కన కూర్చుని రాసింది. మొదటినుంచి చివరిదాకా చదివి వినిపించారు, విన్నాను. ఒక్క మాట కూడా మార్చాల్సింది లేదు.

అక్క, కుడి బొటనవేలి ముద్ర

సాక్షులు:
రాసిన కోడలు
అన్నీ విని, తన ఇష్టంతో సంతకం పెట్టినవాడు: స్విచ్ వేసినవాడూ, ఆపినవాడూ